శేషాచలం కొండల్లో రేపు నిప్పు ఎక్కడ పడవచ్చు: బీటు స్థాయిలో కార్చిచ్చు అంచనా తయారు చేసుకోవడం ఎలా

శేషాచలం కొండల్లో వేసవి వస్తే ఎక్కడో ఒకచోట పొగ లేవడం తిరుపతి వాసులకు కొత్త కాదు. 2014 మార్చిలో తిరుమల సమీపంలో చెలరేగిన మంటలను అదుపు చేయడానికి భారత వైమానిక దళం హెలికాప్టర్లను రప్పించి, బకెట్లతో నీళ్లు పోయించవలసి వచ్చింది. అంత దూరం రాకముందే, నిప్పు చిన్నదిగా ఉండగానే, దాని దగ్గర మనిషి ఉండాలంటే ఏ రోజు ఏ బీటులో (ఒక గార్డు కాపు కాసే అడవి భాగంలో) సిబ్బందిని నిలపాలో ముందు సాయంత్రమే తెలియాలి. ఈ వ్యాసం ఆ ఒక్క నిర్ణయం కోసమే. రేంజ్ కార్యాలయాల్లో పనిచేసేవారు, వన సంరక్షణ సమితుల సభ్యులు, ఈ అడవి మీద పరిశోధన చేయదలచిన విద్యార్థులు దీనిని అనుసరించవచ్చు. ఒక ల్యాప్‌టాప్, పటాల కోసం ఉచితంగా దొరికే క్యూజీఐఎస్, లెక్కల కోసం ఆర్ లేదా పైథాన్ ఉంటే చాలు.

మొదటి దశ: ఏమి అంచనా వేస్తున్నారో తేల్చుకోండి

నిప్పు పడడం వేరు, పడిన నిప్పు పాకడం వేరు. పాకడాన్ని లెక్కకట్టాలంటే గాలి వేగం, వాలు, గడ్డి మందం గంట గంటకూ కావాలి. అది మంట కనబడిన తర్వాత జరిగే పని. మీకు ముందుగా కావలసింది నిప్పు పడే అవకాశం మాత్రమే. కాబట్టి ప్రశ్నను ఇలా రాసి ఎదురుగా పెట్టుకోండి: ‘ఈ బీటులో రేపు కనీసం ఒక మంట మొదలయ్యే అవకాశం ఎంత?’

పరిశోధన పత్రాలలో సాధారణంగా కిలోమీటరు గడులు వాడతారు. నా అభిప్రాయంలో మన పనికి బీటే సరైన కొలత, ఎందుకంటే మనుషులను పంపేది బీటుకు గానీ గడికి కాదు. బీట్లన్నీ ఒకే విస్తీర్ణంలో ఉండవు కనుక ప్రతి బీటు వైశాల్యాన్ని పట్టికలో ఒక నిలువు వరుసగా చేర్చండి. లేకపోతే పెద్ద బీటు ప్రమాదకరమైనదిగానూ చిన్న బీటు భద్రమైనదిగానూ ఊరికే కనబడతాయి.

రెండవ దశ: పాత మంటల జాబితా

మిగిలిన పనంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నడిపే ఫర్మ్స్ వెబ్‌సైటులో ఉపగ్రహాలు గుర్తించిన వేడి బిందువులు ఉచితంగా దొరుకుతాయి. మోడిస్ పరికరం సమాచారం 2000 నవంబరు నుంచి, విర్స్ పరికరం సమాచారం 2012 జనవరి నుంచి ఉంది. మోడిస్ చూపు కిలోమీటరు మేరది, విర్స్ చూపు 375 మీటర్లది. అందువల్ల మోడిస్‌కు చిక్కని చిన్న మంటలు విర్స్‌కు చిక్కుతాయి. ఈ రెండింటినీ కలిపి ఒకే పట్టికలో లెక్కపెడితే 2012 తర్వాత అడవిలో మంటలు ఒక్కసారిగా పెరిగిపోయినట్టు కనబడుతుంది. పెరిగింది మంటలు కావు, చూపు. ఏదో ఒక్క పరికరాన్ని ఎంచుకుని దానికే కట్టుబడండి. నేనైతే విర్స్‌ను తీసుకుంటాను.

దింపుకున్న పట్టికలో సమయం గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలపడం మరచిపోతే తేదీ కూడా తప్పుతుంది: విర్స్ మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో వెళుతుంది, ఆ రాత్రి బిందువు పట్టికలో ముందు రోజు 20 గంటలుగా నమోదై ఉంటుంది. పైగా ఆ వేళకు కనబడిన మంట ముందు సాయంత్రం మొదలైనదే అయి ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి రాత్రి బిందువులను ముందు రోజు ఖాతాలో వేయడమే మంచిది, అయితే అది తెలిసి చేసిన నిర్ణయంగా మీ పట్టికలో రాసి ఉండాలి.

ఆ తర్వాత మూడు వడపోతలు చేయండి. మొదట రిజర్వు అడవి సరిహద్దు బయటి బిందువులను తీసివేయండి. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో చెరకు ఆకు, మామిడి తోటల చెత్త తగలబెట్టడం మామూలే, అవన్నీ ఉపగ్రహానికి మంటలే. రెండవది, ఫర్మ్స్ పాత సమాచారంలో ప్రతి బిందువుకూ ఒక రకం సంఖ్య ఉంటుంది. అందులో 2 అని ఉంటే అది కదలని వేడి, అంటే కర్మాగారం వంటిది, దానిని వదలివేయండి. మూడవది, ఒకే మంట పది బిందువులుగా కనబడుతుంది కాబట్టి, కిలోమీటరు లోపల ఒకటి రెండు రోజుల్లో వచ్చిన బిందువులన్నింటినీ ఒకే మంటగా కలిపి, వాటిలో మొదటిదాని తేదీని మాత్రమే తీసుకోండి.

ఇంతా చేసినా మీ జాబితా సగమే. మేఘం కింది మంట, రెండు చూపుల మధ్య పుట్టి ఆరిపోయిన మంట ఉపగ్రహానికి తెలియవు. వాచర్లు కొమ్మలతో కొట్టి అరగంటలో ఆర్పివేసిన నిప్పు రేంజ్ రిజిస్టరులో ఒక పంక్తిగా తప్ప ఎక్కడా ఉండదు. ఆ రిజిస్టర్లు తీసి, ప్రతి పంక్తినీ తేదీ, బీటు, చోటు పేరుతో టైపు చేయించండి. విసుగు పుట్టించే పనే, కానీ మనుషులు నిప్పును ఎక్కడ తెచ్చిపెడుతున్నారో చెప్పేవి ఆ చిన్న మంటలే.

మూడవ దశ: అడవి ఎంత ఎండిందో కొలవండి

మన కొండల ఎండు లెక్క అక్టోబరులో మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిస్తే బోద గడ్డి నిలువెత్తు పెరుగుతుంది; జనవరి నుంచి అదే గడ్డి పసుపుబారి, ఫిబ్రవరి చివరికి అంటుకోవడానికి సిద్ధంగా నిలబడుతుంది. అంటే మంచి వానలు పడిన ఏడాది అడవికి భద్రమని అనుకోవడం ఇక్కడ చెల్లదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిన మొత్తం వానను ఒక చరంగా (అంటే అంచనాకు వాడే, మారుతూ ఉండే కొలతగా), చివరి వాన పడి ఎన్ని రోజులయిందన్నది మరొక చరంగా పెట్టండి. రెండూ వేర్వేరు విషయాలు చెబుతాయి: మొదటిది మంటకు మేత ఎంత ఉందో, రెండవది అది ఎంత ఎండిందో. వాన లెక్కలకు భారత వాతావరణ శాఖ ఇచ్చే, అక్షాంశ రేఖాంశాలలో పావు డిగ్రీ గడుల సమాచారం సరిపోతుంది.

రోజువారీ ఎండును కొలిచే సూచికలు చాలా ఉన్నాయి. చేత్తో లెక్కకట్టగలిగినది స్వీడన్‌లో పుట్టిన ఆంగ్‌స్ట్రోమ్ సూచిక: గాలిలో తేమ శాతాన్ని 20తో భాగించాలి, 27లోంచి ఉష్ణోగ్రతను తీసివేసి 10తో భాగించాలి, రెండూ కలపాలి. ఫలితం ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. జనవరి మధ్యాహ్నం తిరుపతిలో 30 డిగ్రీలు, తేమ 52 శాతం ఉన్నాయనుకుందాం: 2.6లోంచి 0.3 పోతే 2.3. ఏప్రిల్‌లో 41 డిగ్రీలు, 24 శాతం అనుకుంటే 1.2లోంచి 1.4 పోయి సున్నాకు దిగువన 0.2 అవుతుంది. స్వీడన్ లెక్క ప్రకారం 2 కంటే తక్కువైతే మంట పడే అవకాశం చాలా ఎక్కువ. ఆ గీతనే ఇక్కడ గీస్తే మన వేసవిలో దాదాపు ప్రతి రోజూ ఎర్ర జెండా ఎగరవలసిందే. రోజూ ఎగిరే జెండాను నాలుగో రోజు నుంచి ఎవరూ తలెత్తి చూడరు. అందువల్ల సూచికను తీసుకోండి, దాని గీతలను మాత్రం వదిలేయండి. గత పదేళ్ల జనవరి నుంచి మే దాకా ప్రతి రోజుకూ విలువ కట్టి, వాటిని వరుసలో పేర్చి, ఈ రోజు ఆ వరుసలో ఎక్కడ నిలుస్తుందో చూడండి. ఆ వరుసలో అత్యంత ఎండు రోజులైన పదో వంతులో పడితేనే అది తిరుపతికి ప్రత్యేకంగా ఎండు రోజు.

కెనడా వారి అగ్ని వాతావరణ సూచిక ఇంతకంటే లోతైనది. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, గత 24 గంటల వాన ఇస్తే అది ముందు రోజు విలువను కూడా కలుపుకుని లెక్క వేస్తుంది. దానిలో సన్నని ఎండుటాకు, గడ్డి తేమను చూపే మొదటి అంకె మనకు బాగా పనికివస్తుంది. నేల లోతున పేరుకున్న ఆకుమన్ను కోసం చేసిన అంకెలు కెనడా అడవులకు తగినవి, మన పలచని రాతి నేలల్లో వాటి మీద ఎక్కువ భారం వేయవద్దు. ఈశాన్య రుతుపవనాల చివరి పెద్ద వాన తగ్గిన మరునాడు లెక్క మొదలుపెట్టి, ఈ మూడు అంకెలకూ వరుసగా ప్రామాణిక ఆరంభ విలువలైన 85, 6, 15 వాడండి.

ఎత్తును కూడా పట్టించుకోవాలి. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే పైన నాలుగున్నర డిగ్రీల చల్లదనం ఉంటుంది. కింద 41 ఉన్న మధ్యాహ్నం పైన 36.5 అవుతుంది, అదే గాలిలో తేమ శాతం 24 నుంచి 30కి దగ్గరగా పెరుగుతుంది. ఉష్ణోగ్రతను మాత్రమే మార్చి తేమ శాతాన్ని కింద ఉన్నట్టే ఉంచితే కొండపైని బీట్లన్నింటికీ ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపినట్టవుతుంది.

యంత్రం చెప్పినదాన్ని చేత్తో సరిచూసుకోవడానికి వారానికి ఒకసారి గడ్డి తూకం వేయండి. మధ్యాహ్నం వేళ ఒకే చోటు నుంచి నిలిచి ఉన్న గడ్డిని 100 గ్రాములు కోసి, గాలి చొరబడని సంచిలో తెచ్చి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా ఆరబెట్టి మళ్లీ తూచండి. 80 గ్రాములు మిగిలితే పోయిన 20ని 80తో భాగించాలి, 100తో కాదు: తేమ 25 శాతం. మంట తీరును లెక్కకట్టే అమెరికా అటవీ శాఖ నమూనాలలో పొట్టి గడ్డికి సుమారు 12 శాతం, పొడుగు గడ్డికి 25 శాతం తేమ దాటితే మంట సాగదని లెక్క. ఆ తేమ శాతం క్రమంగా దిగి ఈ సంఖ్యల కిందికి జారిన వారమే మీ బీటులో అసలైన అగ్ని కాలం మొదలైనట్టు. క్యాలెండరులో ఫిబ్రవరి 15 అని రాసుకుని కూర్చోవడం కంటే ఇది ఎంతో నమ్మదగినది.

నాలుగవ దశ: నిప్పు తెచ్చేది మనిషి, అతని దారిని కొలవండి

ఎండు గడ్డి తనంతట తాను అంటుకోదు. మన దేశంలో అడవి మంటలు అత్యధికంగా మనుషుల వల్లే మొదలవుతాయి. ఆర్పకుండా పారేసిన బీడీ, వంట చేసుకుని వదిలేసిన పొయ్యి, కొత్త పచ్చిక కోసం కాపరి పెట్టిన నిప్పు, తేనెపట్టుకు పెట్టిన పొగ, ఎర్రచందనం దొంగల రాత్రి బసలు, అడవి అంచున పొలంలో చెత్తకు పెట్టిన మంట, అన్నీ ఇందులోకే వస్తాయి. కేవలం వాతావరణంతో అంచనా వేస్తే మీకు తెలిసేది రోజు మాత్రమే. చోటును చెప్పేది మనిషి దారి.

ప్రతి బీటుకూ కాలిబాటల పొడవు, రోడ్డుకు దూరం, దగ్గరి పల్లెకు దూరం, పశువుల నీటి గుంటల సంఖ్య రాయండి. పటంలో లేని దారులు చాలా ఉంటాయి. వాటిని కనుక్కోవడానికి బేస్ క్యాంపులో ఉండే వాచర్‌ను కూర్చోబెట్టుకుని, ‘అన్నా, ఈ కోనలోకి మేకలు ఎటువైపు నుంచి దిగుతాయి?’ అని అడిగి పటం మీద గీతలు గీయించడం కంటే మంచి మార్గం లేదు.

ఇక్కడ ప్రత్యేకంగా చూడవలసినది పంచాంగం. రామకృష్ణ తీర్థం, కుమారధార తీర్థం, తుంబురు తీర్థం ముక్కోటి ఉత్సవాలు చలికాలం చివర నుంచి వేసవి మొదటి దాకా పౌర్ణములలో వస్తాయి, ఆ రోజుల్లో వేలాది భక్తులు అడవి లోపలికి నడిచి వెళతారు. తలకోనలో సిద్ధేశ్వరుని గుడి దగ్గర శివరాత్రికి జనం చేరతారు, వేసవి సెలవుల ఆదివారాల్లో జలపాతం కోసం వస్తారు. ఇంగ్లిషు తేదీ ప్రకారం ఈ రోజులు ఏటా మారిపోతాయి కాబట్టి, నెల పేరును మాత్రమే చరంగా పెట్టిన నమూనాకు, అంటే చరాల నుంచి అవకాశాన్ని లెక్కకట్టే సూత్రానికి, ఇవి అసలు కనబడవు. ఉత్సవం రోజు, దాని మరునాడు, ఆ దారి వెళ్లే బీట్లకు 1 అనీ మిగిలిన వాటికి 0 అనీ ఒక నిలువు వరుస చేర్చండి. భక్తులను నిందించడం దీని ఉద్దేశం కాదు. దేవస్థానం అటవీ విభాగంతో కలిసి ఆ రోజుల్లో దారి పొడవునా నీళ్లు, మనుషులు సిద్ధంగా ఉంచడానికే ఇది.

ఒకసారి కాలిన చోట ఆ వేసవిలో మళ్లీ కాలడానికి గడ్డి ఉండదు. కాబట్టి ఈ సీజనులో ఇప్పటికే కాలిన భాగం శాతాన్ని కూడా ప్రతి వారం సరిచేస్తూ పోవాలి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో కాలిన నల్ల మచ్చలు స్పష్టంగా తెలుస్తాయి.

ఐదవ దశ: పట్టిక కలిపి నమూనా కట్టడం

ఇప్పుడు ఒక్కో బీటు, ఒక్కో రోజు ఒక్కో పంక్తి. ఉదాహరణకు 60 బీట్లు, ఏడాదికి 150 రోజులు, 12 ఏళ్లు అనుకుంటే 1,08,000 పంక్తులు వస్తాయి. వాటిలో మంట పడినవి 400 అనుకోండి, వందకు అర వంతు కూడా కాదు. ‘ఎప్పుడూ మంట పడదు’ అని కళ్లు మూసుకుని చెప్పే నమూనా కూడా ఇక్కడ 99.6 శాతం సరైనదే అవుతుంది. అందుకే కచ్చితత్వ శాతం చూసి మురిసిపోవద్దు, అది ఎవరైనా మీకు చూపితే పక్కన పెట్టండి.

మొదట లాజిస్టిక్ రిగ్రెషన్‌తోనే, అంటే చరాలను కలిపి అవకాశాన్ని 0, 1ల మధ్య సంఖ్యగా ఇచ్చే గణాంక పద్ధతితోనే మొదలుపెట్టండి. దానిలో ప్రతి చరం అవకాశాన్ని ఎటు, ఎంత లాగుతోందో కనబడుతుంది, రేంజ్ అధికారి అడిగితే చెప్పగలుగుతారు. ఎండు సూచికనూ కాలిబాట పొడవునూ గుణించి ఒక చరంగా చేర్చడం మరవద్దు. దారి లేని కోనలో ఎండు ఒక్కటే, వానలో తడిసిన దారి ఒక్కటే, ఏదీ నిప్పు పుట్టించదు. రాండమ్ ఫారెస్ట్ వంటి, ఇంతకంటే క్లిష్టమైన యంత్ర అభ్యాస పద్ధతులను తర్వాత ప్రయత్నించవచ్చు.

మంట లేని పంక్తులు మరీ ఎక్కువ కాబట్టి వాటిలో 20కి ఒకటి చొప్పున మాత్రమే ఏరుకుని నమూనా కట్టవచ్చు. అయితే వచ్చిన అవకాశాన్ని వెనక్కి సరిదిద్దాలి. నమూనా 0.40 అని చెప్పిందనుకోండి: 0.40ని 0.60తో భాగిస్తే 0.667, దానిని 20తో భాగిస్తే 0.033, అంటే అసలు అవకాశం సుమారు 3 శాతం. ఈ మెట్టు దాటవేస్తే మూడు శాతాన్ని నలభై అని చెప్పి సిబ్బందిని అనవసరంగా పరుగెత్తించినవారవుతారు.

ఆరవ దశ: పరీక్ష

పంక్తులను కలగాపులగంగా విడదీసి పరీక్షించకూడదు. ఒకే వారంలో సోమవారం నేర్చుకుని మంగళవారం జవాబు చెప్పడం అంచనా అనిపించుకోదు. ఏడాదికి ఏడాది పూర్తిగా పక్కన పెట్టి, మిగిలిన ఏళ్లతో నేర్పి, ఆ ఏడాది మీద చూడండి. రోజూ అత్యంత ప్రమాదమని చెప్పిన ఆరు బీట్లలో ఆ ఏటి మంటలలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. అదే లెక్కను అనుభవజ్ఞుడైన సెక్షన్ అధికారి చేసే మామూలు ఊహతో, అంటే గతంలో ఎక్కువగా కాలిన ఆరు బీట్లు ఎప్పుడూ అవే అన్నదానితో పోల్చండి. దానికంటే మెరుగు కాకపోతే మీ నమూనా ఇంకా వాడుకకు రాలేదు, ఆ ఊహనే వాడండి.

ఏడవ దశ: ప్రతి సాయంత్రం చేయవలసిన పని

సాయంత్రం ఐదు గంటలకు రేపటి మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన సూచనలను వాతావరణ శాఖ నుంచి తీసుకుని నమూనాకు ఇవ్వండి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ పంపే ముందస్తు హెచ్చరికలు, మంట కనబడిన వెంటనే వచ్చే సందేశాలు కూడా చూసుకోండి. మీ ఫోను నంబరు ఆ సందేశాలకు నమోదు కాకపోతే ముందు ఆ పని చేయించండి. తర్వాత ఆరు బీట్ల పేర్లు, పక్కన ఒక్క వాక్యంలో కారణం రాసి పంపండి: ‘మేకల దారి, 40 రోజులుగా వాన లేదు, రేపు ఆదివారం’ వంటిది. అవకాశ శాతాలు, రంగుల పటాలు కార్యాలయంలోనే ఉండనివ్వండి. కొండ మీద ఉన్న మనిషికి కావలసింది ఎక్కడ నిలబడాలి, ఎండుటాకులను ఊదే బ్లోయర్ ఎక్కడ ఉంచాలి, నీళ్ల ట్యాంకరు ఏ మలుపు దాకా రాగలదు అన్న సంగతులే.

ఈ జాబితాను బయటి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లనివ్వకండి. సిబ్బంది రేపు ఎక్కడ ఉంటారన్నది తెలిస్తే ఎక్కడ ఉండరన్నదీ తెలిసినట్టే, ఎర్రచందనం ఉన్న అడవిలో దాని విలువ దొంగలకే ఎక్కువ తెలుసు.

ఎనిమిదవ దశ: గస్తీని కూడా నమోదు చేయండి

జాబితా చూసి ఒక బీటుకు ఇద్దరిని పంపారు, అక్కడ మంట పడలేదు. నమూనా తప్పిందా, గస్తీ ఫలించిందా? ఆ రోజు అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి పట్టికలో లేకపోతే, మరుసటి ఏడు నమూనా ఆ బీటును భద్రమైనదిగా నేర్చుకుని జాబితా నుంచి తీసివేస్తుంది, అక్కడి నుంచి మనుషులను మీరే తప్పిస్తారు. కాబట్టి ప్రతి బీటుకూ ప్రతి రోజుకూ ఎందరు, ఎన్ని గంటలు ఉన్నారో తప్పక రాయించండి. ఫైర్ లైన్లు (మంట పాకకుండా గడ్డి తీసివేసిన పట్టీలు) ఏ తేదీన శుభ్రం చేశారో కూడా అక్కడే చేర్చండి.

ప్రతి మంట దగ్గరా, ఆరిన తర్వాత, నాలుగు సంగతులు రాసుకునేలా వాచర్లకు నేర్పండి: మొదట ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, మొదలైన చోటు దారికి ఎంత దూరం, అక్కడ ఏమి మిగిలి ఉంది. బీడీ ముక్క, రాళ్ల పొయ్యి, మేకల పెంట, గొడ్డలి గాటు పడిన చెట్టు, ఏది కనబడితే అది ఫొటో తీయాలి. కారణం గడిలో ‘తెలియదు’ అని రాయడానికి వారికి అనుమతి ఉండాలి; బలవంతంగా నింపిన కారణం తర్వాత నమూనాను తప్పుదారి పట్టిస్తుంది.

జూన్‌లో వానలు మొదలవుతూనే, బదిలీల ఉత్తర్వులు రాకముందే, ఆ ఏటి రిజిస్టర్లన్నింటినీ పేజీ పేజీ ఫొటో తీసి, రెండవ దశలోని పట్టికకు చేర్చి, కొత్త ఏడాదితో నమూనాను మళ్లీ కట్టి, డిసెంబరు లోపల సిద్ధంగా ఉంచండి.